పదిహేడో నంబరు బొటనవేలు

మా బావ బొటనవేలి గురించి పేటలో చెప్పుకునే కథల్లో ఒక్కటే నిజం. మిగిలినవన్నీ నేను పుట్టించినవి. కాగితం కింద తలవెంట్రుక పెట్టి ఇస్తే పైనుంచి వేలితో తడిమి కుదురు ఏ వైపుందో చెప్పేవాడు. ఇది నా కళ్ళతో చూశాను, పందెంలో ఓడిపోయింది కూడా నేనే. రైలు పట్టా మీద వేలు పెట్టి వచ్చే బండికి ఎన్ని పెట్టెలున్నాయో చెబుతాడన్నది నా కల్పన. ఇంటి తలుపు గడియ మీద వేలు ఆనించి, లోపల మా అక్క కోపం ఎంతలో ఉందో కనిపెట్టి, అవసరమైతే అటునుంచి అటే వెళ్ళిపోతాడన్నదీ నా కల్పనే. దానికి మాత్రం మా అక్క ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా నా కల్పన ఒకటుంది. అది ఎక్కడుందో దాచకుండా చెబుతాను.

ఆయన పంతొమ్మిదేళ్ళప్పుడు ఆసుపత్రి మంచాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. మంచానికి రెండు పక్కలా రోగి దొర్లి పడిపోకుండా ఇనప కమ్మీలుంటాయి చూడండి, వాటి అతుకుల్ని గ్రైండరుతో నున్నగా రుద్దడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు రుద్దాడు. ఆ గ్రైండరు కూతకి చెవులు, అదురుకి చేతులు అలవాటు పడతాయని పాత పనివాళ్ళు ధైర్యం చెప్పేవారట. చెవులు అలవాటు పడ్డాయి. చేతులు సాయంత్రం ఇంటికొచ్చాక కూడా అదురుతూనే ఉండేవి. గ్లాసు పట్టుకుంటే అందులో నీళ్ళు వాటంతటవే చిన్న చిన్న అలలు వేసేవి. చక్కెర కలపడానికి చెంచా అక్కర్లేదు, గ్లాసు బావ చేతికిస్తే చాలని నేను వెక్కిరించేవాణ్ణి. ఆయన నిజంగానే ఓసారి నా గ్లాసు తీసుకుని పట్టుకుని కూర్చుని, కలిసిందా అని అడిగి ఇచ్చాడు. అలాంటి మనిషి. ఎవరైనా తనని ఆటపట్టిస్తే ఆ ఆటలో తనే ముందు చేరేవాడు.

చలిరోజుల్లో ఆయన వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడేవి. కాసేపు చంకలో పెట్టుకుంటే మళ్ళీ రంగు వచ్చేది. ఆ విభాగంలో అందరికీ అంతే. అందుకని ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు.

తర్వాత ఆయన్ని తనిఖీ బల్ల దగ్గరికి మార్చారు. రుద్దిన కమ్మీ ఆయన ముందుకొస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని, మొహం పక్కకి తిప్పి, కుడిచేతి బొటనవేలు అంచు పొడుగునా నడిపిస్తాడు. ఎక్కడైనా కంటికి కనపడని ఇనప ముల్లు మిగిలి ఉంటే వేలు ఆగుతుంది. కమ్మీ వెనక్కి పోతుంది. ఆగకపోతే చిన్న సుత్తితో ‘17’ అని ముద్ర కొడతాడు. ఆ ముద్ర పడ్డ కమ్మీని ఫోర్‌మన్ దగ్గర్నుంచి మేనేజరు దాకా ఎవరూ మళ్ళీ ముట్టుకుని చూడరు. అది మా ఫ్యాక్టరీ పద్ధతి. వేలు మాటే మాట. ఒకసారి పై ఊరి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, వేలు ఎందుకయ్యా, అంచు మీద దూది లాగండి, ముల్లుంటే పోగులు చిక్కుకుంటాయి అని ఓ దూది కట్ట ఇచ్చి వెళ్ళాడు. మేం దాంతో బల్లలు తుడిచాం. ఆయన వెనకాల నవ్వుకున్న నవ్వు నాకింకా గుర్తే. అందరికంటే గట్టిగా నవ్వింది బావ కాదు, నేను.

నేను కూడా అక్కడే పనిచేసేవాణ్ణి. కాన్వెంటులో సిస్టర్లు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన గుండ్రటి అక్షరాల పుణ్యాన నన్ను సరుకు పంపే విభాగంలో కూర్చోబెట్టారు. ఏ మంచాలు ఏ ఆసుపత్రికి వెళ్ళాయో రాయడం నా పని. ఇంట్లో కూడా మాది పక్క పక్క వాటాలే.

ఇక సైకిల్ సంగతి. ఫ్యాక్టరీ మా ఇంటికి ఏడు కిలోమీటర్లు, మధ్యలో రైలు పట్టాల మీంచి పొడుగాటి వంతెన. బావకి పన్నెండు గేర్ల సైకిలు ఉండేది. పాతదే కొన్నాడు కానీ, దాని గొప్ప ఇంతా అంతా కాదు. వంతెన ఎక్కేటప్పుడు బొటనవేలితో మీట నొక్కి గేరు మారుస్తూ, పక్కన కాళ్ళీడ్చుకుంటూ తొక్కే నన్ను చూసి, తోసుకు రానా అని అడిగేవాడు.

అలాంటివాడు ఒక ఆదివారం పొద్దున సైకిల్ని పెరట్లో తలకిందులుగా నిలబెట్టి, గేర్లు పీకేస్తాను, సాయం పట్టు అన్నాడు.

“పన్నెండు గేర్లని పేటంతా చెప్పుకు తిరిగావు కదా బావా. పదకొండు దానం చేస్తావా?” అన్నాను.

“పన్నెండున్నా తొక్కేది ఒక్కటే. మిగతావన్నీ నీలాగే, ఊరికే కూర్చుని తింటున్నాయి.”

మా అక్క వంటింటి కిటికీలోంచి, పాడుచెయ్యడానికి ఒకరు చాలరా, ఇద్దరు కావాలా అంది. ఫ్యాక్టరీ దుమ్ము గేర్లలో పడి చైను అరిగిపోతోందని, ఒకే చక్రం మీద తిన్నగా నడిచే చైనైతే ఏ గొడవా ఉండదని బావ ఆమెకి నచ్చజెప్పాడు. మాట సబబుగానే ఉంది. పనికి వెళ్ళొచ్చే సైకిలుకి అంతకంటే ఏం కావాలి?

ఆయన అన్నిటికంటే ముందు తీసింది హ్యాండిల్ మీద ఉన్న మీట. చైను జోలికి వెళ్ళకముందే, ఆ బొటనవేలి మీటని విప్పి, దాని తీగని కత్తిరించి, గోడ అవతలకి విసిరేశాడు. పనికొచ్చే వస్తువు కదా అన్నాను. వినపడనట్టు పానా అందుకున్నాడు.

తర్వాత వెనక చక్రం ఊడదీశాం. చైన్ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి తోసే చెయ్యిలాంటి భాగాన్ని తీసి పక్కన పడేశాం. వెనక ఆరు పళ్ళచక్రాలుంటే అయిదు తీసేసి, వంతెన ఎక్కడానికీ చదునులో తొక్కడానికీ రెంటికీ సర్దుకుపోయేలా మధ్యరకం ఒకటి ఉంచాం. తీసేసిన వాటి ఖాళీలో పైపు ముక్క కోసి చేసిన రింగులు తొడిగాడు. ముందున్న రెండు పళ్ళచక్రాల్లోనూ ఒకటే ఉంచి, అదీ వెనకదీ ఒకే గీతలో ఉన్నాయా లేదా అని దారం లాగి చూశాడు. చైన్లో ఎక్కువైన లంకెలు తీసేశాడు. చేతులు తడబడుతున్నాయి. చిన్న పిన్ను రెండుసార్లు జారి మట్టిలో పడింది, రెండుసార్లూ నేనే వెతికాను. వయసు మీద పడుతోంది బావా అన్నాను.

చివరగా చైను బిగింపు. ఇది కాస్త ఓపిక పని. ముందు పళ్ళచక్రం చూడ్డానికి గుండ్రంగానే ఉంటుంది కానీ, పాతబడ్డాక ఏదో ఒక వైపు వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. పెడల్ని చుట్టూ తిప్పుతుంటే చైను ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా వస్తుంది. ఆ బిగుసుకునే చోట కూడా వేలితో నొక్కితే అర అంగుళం కిందికి దిగాలి. దాన్నిబట్టి ఇరుసుని వెనక్కో ముందుకో జరిపి నట్లు బిగించాలి. బావ ఎడంచేత్తో పెడల్ తిప్పుతూ కుడి బొటనవేలితో చైను నొక్కి చూస్తున్నాడు.

చూస్తున్నాడు అని ఊరికే అనలేదు. ఆయన కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పదేళ్ళుగా ఆయన వేలితో దేన్నైనా తడుముతుంటే కళ్ళు మూసుకోకుండా ఉండగా నేను చూడలేదు. ఇప్పుడు వేలు నొక్కుతోంది, ఆయన చైను ఎంత దిగుతోందో కంటితో కొలుచుకుంటున్నాడు. ఏదో తేడాగా ఉంది అనుకున్నాను, అంతే. ఏమిటో తోచలేదు.

ఇరుసు సరిగా ఉందా అని ఆయన వెనక్కి వంగి చూశాడు. ఎడంచెయ్యి పెడల్ తిప్పుతూనే ఉంది, కుడి వేలు చైను మీదే ఉంది. పెడల్ సగంలో ఆగింది.

“ఇదుగో, ఇక్కడే బిగుసుకుంటోంది” అన్నాడు. ఇంకాస్త బలంగా తోశాడు. “గట్టిగా పట్టేసింది, చూడు.”

నేను చూశాను. పట్టేసింది చైను కాదు. ఆయన బొటనవేలు చైనుకీ పళ్ళచక్రానికీ మధ్య ఉంది. ఒక పన్ను గోటిని చీల్చుకుని పైకి వచ్చింది. రక్తం చైను నూనెతో కలిసి నల్లగా కిందికి కారుతోంది. ఆయన ఇంకా వెనక చక్రం వైపే చూస్తూ, మళ్ళీ తోయబోతున్నాడు.

చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా మొహం చూసి, తర్వాత కిందికి చూశాడు. అరవలేదు. దొంగతనం బయటపడ్డవాడిలా చుట్టూ చూసి, వంటింటి కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“మీ అక్కకి చెప్పకు.”

“ఏం చెప్పకూడదు? వేలు నుజ్జయిపోతే...”

“నుజ్జయితే కనపడుతుందిలే. అది తెలియకపోవడం... అది చెప్పకు.”

పెడల్ వెనక్కి తిప్పి వేలు బయటికి లాగాను. ఎప్పట్నుంచి అని అడిగితే ఎనిమిది నెలలన్నాడు. చలికాలం వెళ్ళాక తెల్లదనం పోయింది కానీ స్పర్శ తిరిగి రాలేదట. ఎడంచెయ్యి కూడా సగం పోయిందట. సైకిల్ మీట నొక్కానో లేదో తెలియక, వంతెన మీద గేరు తప్పి, వెనకనుంచి వస్తున్న లారీకి అడుగు దూరంలో పడ్డాడట. అందుకే గేర్లు పీకేయడం.

నాకు అప్పుడు తట్టింది. “మరి కమ్మీలు?”

“మొదట్లో వంగి చూస్తున్నట్టు చెంప పెట్టేవాణ్ణి. చెంపకి బాగానే తెలుస్తుంది. తర్వాత పని పెరిగింది. రోజుకి రెండొందలు.”

“తర్వాత?”

“తర్వాత కళ్ళు మూసుకున్నాను. మామూలుగానే.”

ఇక్కడే నా కల్పన పుట్టింది. వేలికి గుడ్డ చుడుతూ చుడుతూనే అల్లేశాను. ఆదివారం సైకిల్ చైన్లో పడి వేలు పోయింది. కాబట్టి సోమవారం నుంచి తనిఖీ చెయ్యలేడు. శనివారం దాకా వేలు వజ్రంలా ఉంది. ఎనిమిది నెలలన్న మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. పేరు నిలుస్తుంది, ఉద్యోగం ఏదో తేలికపాటిది దొరుకుతుంది. ఇదంతా చెబితే బావ అవునన్లేదు, కాదన్లేదు. మిగిలిన నట్లు నేనే బిగించాను. ఆ బిగుసుకునే చోటుని సరిచెయ్యాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. అది అలాగే ఉండిపోయింది.

సోమవారం ఆయన కట్టు కట్టిన చేత్తో ఆ సైకిలు మీదే ఫ్యాక్టరీకి వచ్చాడు. నేను ముందే వెళ్ళి గేటు దగ్గర కథ మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకి కథలో బావ తన వేలిని తనే స్క్రూడ్రైవరుతో విడిపించుకుని, మిగతా పని పూర్తిచేసి, అప్పుడు కట్టు కట్టించుకున్నాడు. అందరూ వచ్చి భుజం తట్టారు. ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆయన్ని సరుకు కట్టలు కట్టే విభాగానికి మార్చారు. ‘17’ ముద్రని తనిఖీ బల్ల పైన గోడకి మేకు కొట్టి వేలాడదీసి, చప్పట్లు కొట్టారు. బతికుండగానే తన ఫొటో గోడకెక్కించినట్టు బావ దానివంక చూస్తూ నిలబడ్డాడు.

గురువారం వేలికి కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. బయటికి వస్తూ దారిలో ఆడవాళ్ళ వార్డు తలుపు తీసి ఉంటే అలవాటుకొద్దీ మంచాల వంక చూశాడు. మావే. మూడో మంచం కమ్మీకి పాత చీర ముక్క చుట్టి ఉంది. ఆ పక్కన, గుడ్డ లేనిచోట, అంచు మీద తెల్లగా ఏదో చిక్కుకుని గాలికి ఊగుతోంది. దూది పోగులు. వాటి పక్కనే ‘17’.

మంచం మీద ఒక ముసలమ్మ. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. ఈయన కమ్మీ పట్టుకుని నిలబడిపోవడం చూసి, ఎవరో మరమ్మతు మనిషి అనుకుంది. పడుకున్నప్పుడల్లా ఆ కమ్మీ పట్టుకునే లేస్తుందట. ఎన్ని రోజులు కోసుకుందో ఆమెకే తెలియదట. షుగరు వల్ల చేతుల్లో స్పర్శ లేదు. దుప్పటి ఎర్రబడితే కూతురు చూసిందట. అప్పటికే చీము పట్టింది.

“దాని తప్పేం లేదు నాయనా” అందట ఆమె కమ్మీని చూపిస్తూ. “నా చెయ్యే చచ్చుపడింది. బాగుండే చెయ్యయితే ముందే తెలిసేది కదా.”

బావ వంగి, అందరూ చూస్తుండగా, ఆ కమ్మీకి చెంప ఆనించాడు.

ఆ సాయంత్రం ఆయన తన వాటాకి వెళ్ళకుండా సరాసరి నా వాటాకి వచ్చాడు. చెంప మీద సన్నటి గీత, దాని పొడుగునా ఎండిన రక్తం. ఎనిమిది నెలల్లో ఏ మంచాలు ఏ ఆసుపత్రికి వెళ్ళాయో జాబితా కావాలన్నాడు. అది నేను రాసిందే, నా బల్ల సొరుగులోనే ఉంది.

“నెల రోజులు ఆగు బావా. వేలు మానాక నెమ్మదిగా ఏదో దారి చూద్దాం.”

“ఆమె వేలు ఆగదు. రేపు తీసేస్తారట.”

జాబితా ఇవ్వనన్నాను. ఇస్తే నా కథ నిలబడదు. మర్నాడు పొద్దున ఆయన నాకంటే ముందే సైకిలు తీసుకుని వెళ్ళిపోయి, మేనేజరు గదిలో కూర్చుని అంతా చెప్పేశాడు. పదిన్నరకి నన్ను పిలిచారు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆయన మొహంలో నాకు కనపడింది భయం. అన్ని వేల కమ్మీలు వెనక్కి తెప్పించడమంటే ఫ్యాక్టరీ మూతపడినా ఆశ్చర్యం లేదు. ఆయన నన్ను కూర్చోమని కూడా అనకుండా అడిగాడు.

“నువ్వు పక్కనే ఉన్నావుగా. ఈయన వేలు ఎప్పుడు పోయింది?”

బావ నావైపు చూడలేదు. మొహం పక్కకి తిప్పి, కళ్ళు మూసుకున్నాడు. తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నట్టే. నా జవాబు పొడుగునా వేలు నడిపి ముల్లుందో లేదో చూడబోతున్నట్టు.

“ఆదివారం” అన్నాను.

మేనేజరు పెద్దగా ఊపిరి వదిలాడు. పాపం దెబ్బ మనసుకి తగిలింది, ఇంటికి తీసుకెళ్ళు, పది రోజులు సెలవు రాస్తాను అన్నాడు. బావ మళ్ళీ ఏదో చెప్పబోతే, ఫోర్‌మన్ వచ్చి ఎంతో ప్రేమగా, రా అన్నా అని భుజాల చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించాడు. నేను చెప్పిన అబద్ధాలన్నిటినీ మావాళ్ళు అబద్ధాలని తెలిసే నవ్వుకునేవారు. ఇదొక్కటే నమ్మారు.

సైకిల్ని నడిపించుకుంటూ ఇద్దరం వంతెన దాకా వచ్చాం. అక్కడ ఆగాడు.

“నీ కథలన్నిటికీ నవ్వాను కదరా” అన్నాడు. “ఒక్కటి. ఒక్కటి నా తరఫున చెప్పలేకపోయావా?”

నీ తరఫునే కదా చెప్పాను అనబోయాను. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మరి ఫ్యాక్టరీకి రాలేదు. మూడు రోజులు నా సొరుగులోని జాబితాని గుండ్రటి అక్షరాలతో తిరగరాశాను. ఇరవై మూడు ఆసుపత్రులు, వార్డులు, మంచాల సంఖ్య. సైకిలు సీటు కింద మడిచిపెట్టాను. మర్నాడు అది అక్కడ లేదు.

ఆ తర్వాత ఆయన పని ఆ జాబితాయే. ఇనుము రుద్దే చిన్న ఆకురాయి, గరుకు కాగితం, దూది ఒక సంచిలో వేసుకుని సైకిలు మీద ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాడు. వార్డులోకి వెళ్ళి, కమ్మీల మీద దూది లాగి, పోగు చిక్కుకున్న చోట చెంప ఆనించి చూసి, ఆకురాయితో రుద్ది, మళ్ళీ చెంప పెట్టేవాడు. పక్కమీద నిద్రపోయే రోగి మంచం కమ్మీకి ఓ ముసలాయన చెంప ఆనించి ఉండడం చూసి నర్సులు జడుసుకునేవారట. కొన్నిచోట్ల పిచ్చివాడని గెంటేశారు. అక్కడికి మళ్ళీ వారం వెళ్ళేవాడు. కొన్నిచోట్ల ఆయాలు అలవాటు పడి చెంపతాత అని పేరు పెట్టారు. బొటనవేలి పేరు అలా పోయింది. మొదటి ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మూడో మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ముసలమ్మకి ముందు వేలు, తర్వాత మణికట్టు దాకా చెయ్యి తీసేశారని, తర్వాత సంగతి తనకి తెలియదని ఆయా చెప్పిందట. ఇది నాకు మా అక్క చెప్పింది. నాతో ఆయన అవసరానికి మించి మాట్లాడలేదు. నేను జోకు వేస్తే మర్యాదగా ఒక చిరునవ్వు నవ్వేవాడు. చుట్టాలతో నవ్వినట్టు.

మూడేళ్ళు అలా తిరిగాడు. గుండె ఆగిపోయిన రోజు కూడా సంచి సైకిలుకే తగిలించి ఉంది. సీటు కింద జాబితా ఉంది. పంతొమ్మిది ఆసుపత్రుల పేర్ల మీద అడ్డగీత. ఆ గీతలు వంకరగా, ఎక్కడ పడితే అక్కడ కాగితం చిరిగేటంత గట్టిగా ఉన్నాయి. పెన్సిలు ఎంత నొక్కుతున్నాడో ఆయనకి తెలిసేది కాదు.

మిగిలిన నాలుగింటిలో రెండు నేను పూర్తిచేశాను. నాకు మోకాళ్ళు సహకరించవు, ఒక వార్డుకి నాలుగైదు రోజులు పడుతుంది. ఇన్నేళ్ళయింది, అప్పటి మంచాలు కొన్ని తుక్కు కిందికి వెళ్ళిపోయాయి. కొన్ని ఇంకా ఉన్నాయి. నిరుడు ఒకదాని మీద దూది చిక్కుకుంది.

ఆయన సైకిలు మీదే వెళతాను. గేర్లు లేవు కాబట్టి వంతెన ఎక్కడం కష్టం, సగంలో దిగి నడిపిస్తాను. చదునులో తొక్కుతుంటే పెడల్ ఒక్కో చుట్టుకీ ఒకచోట చైను కాస్త బిగుసుకుని కిర్రుమంటుంది. అరికాలికి తెలుస్తుంది. ఇరుసు ఒక్క గీటు ముందుకి జరిపితే పోతుంది, పది నిమిషాల పని. మా అక్క కూడా చాలాసార్లు అంది, ఆ చప్పుడేమిట్రా, సరిచేసుకోరాదూ అని.

సరిచేస్తానులే అంటాను.